వాగు ఎగువన చేయించిన వరద పని: మూడు వానాకాలాలు చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, 5కి 4 స్టార్లు. ఆ ఒక్క స్టారు తగ్గించింది మెయింటెనెన్స్ దగ్గర. దాని గురించి కింద వివరంగా రాశాను. ఇలాంటి పని చేయించుకోవాలని ఆలోచిస్తున్నవాళ్లు మిగతాదంతా వదిలేసినా ఆ భాగం మాత్రం చదవండి.

సర్వీసు ఏంటంటే, వాగు దిగువన ఉన్న ఇళ్లలోకి వరద రాకుండా ఎగువన, అంటే ఆ వాగులోకి నీళ్లు చేరే పరీవాహక ప్రాంతం మొత్తంలో, నీటి పరుగు తగ్గించే పనులు చేసిపెట్టడం. ఇందులో కాంక్రీటు గోడలు, పెద్ద గేట్లు ఉండవు. వాగుకి అడ్డంగా దుంగలు వేస్తారు, పొలాల పల్లపు మూలల్లో చిన్న మట్టికట్టలు పోస్తారు, గట్ల వెంట, వాలు మీద చెట్లు నాటుతారు, ఎప్పుడో ఎవరో తిన్నగా తవ్వేసిన వాగుని మళ్లీ పాత వంపుల్లోకి మళ్లిస్తారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో దీన్ని సహజ వరద నిర్వహణ అంటున్నారు, అక్కడ చాలా ఏళ్లుగా జరుగుతోంది. మాకు చేసిన టీమ్ పేరు కావాలనే రాయడం లేదు. ఎవరి చేత చేయించుకున్నా చూడాల్సిన విషయాలు, అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

అసలు ఎందుకు చేయించుకున్నామో చెప్పాలి. ఇల్లు మునగడం అంటే నీళ్లు వచ్చాయి, పోయాయి, కడిగేసుకున్నాం అన్నంత తేలిక కాదండి. మా ఇంట్లో నీళ్లు మొదట గుమ్మంలోంచి రాలేదు, బాత్రూమ్ తూములోంచి పైకి తన్నాయి. గుడగుడమని చప్పుడు వచ్చింది, ఆ వెనకే కంపు. తర్వాత గదిలో టైల్స్ మధ్య సందుల్లోంచి ఊరాయి, అప్పటికి వీధి తలుపు దగ్గర ఇంకా పొడిగానే ఉంది. దానికి ముందే ఒక కంపెనీ వాళ్ల దగ్గర తలుపుకి బిగించే అడ్డుపలక కొన్నాం, అది తలుపు దగ్గర నీళ్లని బాగానే ఆపింది, ఇంట్లోకి మాత్రం తూములోంచి వచ్చాయి. నీళ్లు తీశాక గోడ మీద మోకాలి ఎత్తున గోధుమరంగు గీత మిగిలింది, రెండుసార్లు రంగు వేయించినా మళ్లీ మళ్లీ పైకి తేలింది. కింది చెక్క ఉబ్బి తలుపులు మూసుకోవు. ఆ తర్వాత ఎప్పుడు మబ్బు పట్టినా టెన్షన్, రాత్రి వాన పడితే లేచి టార్చి వేసి వాగు చూసి రావడం. పక్కింటి పెద్దావిడ అయితే మందుల సంచీ మంచం పైన మేకుకి తగిలించుకుని పడుకునేది. ఈ భయం కూడా వరద నష్టంలోదే, కానీ ఏ లెక్కల్లోకీ రాదు.

ఇక పని గురించి. నాకు ఈ టీమ్ మీద నమ్మకం కుదిరింది సర్వే రోజునే. ఎండ రోజు కాకుండా, ముసురు పట్టిన రోజు చూసి వచ్చారు. మీరూ అదే అడగండి, వాన పడుతున్నప్పుడు పొలాల్లో నడవనివాళ్లకి ఈ పని అప్పగించకండి. మమ్మల్ని కూడా వెంటబెట్టుకుని వాగు పుట్టే వాలు దాకా తీసుకెళ్లారు. ఇన్నేళ్లు వాగు ఒడ్డునే ఉండి కూడా నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో నేను అంతవరకు కళ్లారా చూడలేదు. ట్రాక్టరు చక్రాల చాళ్లు వాలుకి నిలువుగా ఉన్నాయి, ఒక్కో చాలూ ఒక్కో కాలువే, ఎర్రటి నీళ్లు గలగలా దిగిపోతున్నాయి.

అక్కడ వాళ్లు చేసి చూపించింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అడుగూ మూతా లేని ఒక డబ్బాని, పశువులు తొక్కీ తొక్కీ గట్టిపడిన గడ్డినేలలో కొంచెం దిగ్గొట్టి, సీసాడు నీళ్లు పోశారు. నీళ్లు అలాగే నిలబడ్డాయి. మేం మాట్లాడుకుంటూ ఉన్నాం, అవి కదల్లేదు. పదడుగులు పక్కకి జరిగి, చెట్ల వరస కింద ఆకులు పక్కకి నెట్టి మళ్లీ అదే డబ్బా, అదే సీసా. పోస్తుండగానే ఇంకిపోయాయి. ఒకే పొలం, ఒకే మట్టి. చెట్ల వేళ్లు, వానపాములు నేలలో దారులు చేసిపెట్టాయి, ఇటువైపు ఆ దారులన్నీ గిట్టల కింద నలిగి మూసుకుపోయాయి. వేల్స్‌లో పాంట్‌బ్రెన్ అనే చోట రైతులే ముందుకొచ్చి వాలు మీద చెట్ల వరసలు నాటారు. అక్కడ శాస్త్రవేత్తలు కొలిస్తే, గొర్రెలు మేసే నేల కన్నా చెట్ల కింద నేల 60 రెట్ల వరకు వేగంగా నీటిని ఇంకించుకుందట. అది చదివినప్పుడు ఎక్కువ చెప్తున్నారనుకున్నాను, ఈ డబ్బా చూశాక అనుకోలేదు.

ఒక చిన్న లెక్క వేసుకోండి. 1 హెక్టారు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే అది 100 ఘనపు మీటర్లు, అంటే 1 లక్ష లీటర్లు. అలాంటి హెక్టార్లు కొన్ని వందలు ఒకేసారి తమ నీళ్లని వాగులోకి వదిలితే దిగువన ఉన్న కల్వర్టు ఎలా పట్టుకుంటుంది? అవే నీళ్లు కొన్ని ఇప్పుడు, కొన్ని రెండు గంటల తర్వాత, కొన్ని రేపు వస్తే అదే కల్వర్టు చక్కగా దాటించేస్తుంది. ఈ సర్వీసు మనకి ఇచ్చేది ఆ గంటలే. నీళ్లని మాయం చేయడం ఎవరివల్లా కాదు, అలా చెప్పేవాళ్లుంటే వాళ్లతో మాట్లాడటం అక్కడితో ఆపేయండి.

దుంగల కట్టల గురించి చాలామందికి అనుమానం ఉంటుంది, వాగుకి అడ్డం వేస్తే వరద పెరగదా అని. మాకూ ఉండేది. చూస్తే అర్థమైంది. దుంగల్ని ఒడ్డు నుంచి ఒడ్డుకి, నేలకి ఆనకుండా, కింద ఖాళీ వదిలి వేస్తారు. మామూలు రోజుల్లో వాగు ఆ ఖాళీలోంచి తన దారిన తాను పోతుంది, చేపలూ పోతాయి. నీళ్లు పెరిగి దుంగల్ని తాకినప్పుడే కట్టకి పని మొదలవుతుంది. రెండో వానాకాలంలో ఒక జడివానప్పుడు గొడుగేసుకుని వెళ్లి ఒక కట్ట పక్కన నిలబడ్డాను. ఎగువ వైపు నీళ్లు దాదాపు చెరువులా నిలబడి, నురగ, ఎండాకులు, ఒక చెప్పు, అన్నీ గుండ్రంగా తిరుగుతూ దుంగ అంచుకి చేరుతున్నాయి, పక్కనున్న పల్లపు నేల మీదికి మెల్లగా పరుచుకుంటున్నాయి. దిగువ వైపు వాగు ఎర్రగా, ఉరవడిగానే ఉంది, కానీ ఒడ్డు కన్నా బాగా కిందికి ఉంది. దుంగ మీద చెయ్యి పెడితే లోపల నీళ్లు తోస్తున్న అదురు తెలిసింది. ఇలాంటివి వరసగా వేస్తారు. ఒక్కోటి ఆపేది కొంచెమే, అందుకే ఒకటో రెండో వేసి ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లతో లాభం లేదు.

ఎన్ని కావాలి అంటే ఉత్తర యార్క్‌షైర్‌లోని పికరింగ్ చూడండి. ఆ చిన్న పట్నం 1999, 2000, 2002, 2007ల్లో వరసగా మునిగింది, ఒక్క 2007లోనే దాదాపు 70 లక్షల పౌండ్ల నష్టం. ఊళ్లో గోడలు కడదామంటే ఖర్చుకి, ప్రయోజనానికి లెక్క కుదరలేదు. 2009 నుంచి ఎగువన పని మొదలుపెట్టారు. వందకి పైగా దుంగల కట్టలు, వాటికి తోడు పైన మోర్‌లాండ్ అనే బీడు నేలల్లోని చిన్న చిన్న కాలువల్లో హీథర్ అనే పొద మోపులతో వేసిన కట్టలు, వేలాది చెట్లు, చివరికి 1 లక్షా 20 వేల ఘనపు మీటర్లు పట్టే ఒక మట్టికట్ట. 2015 డిసెంబర్ 26న, 36 గంటల్లో 50 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు వరద గరిష్ఠ ప్రవాహం 15 నుంచి 20 శాతం తగ్గిందని తేల్చారు. అందులో సగం ఆ పెద్ద కట్ట వల్ల, సగం ఎగువన చేసిన చిన్న పనుల వల్ల. 15 శాతమేనా అనిపించవచ్చు. గుమ్మానికి రెండంగుళాల కింద నీళ్లు ఆగిపోయిన ఇంటివాళ్లని అడిగితే ఆ 15 శాతం విలువ చెప్తారు.

సోమర్సెట్‌లోని హోల్నికోట్‌లో నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు వాగుల పక్క పల్లపు మైదానాల్లో మట్టికట్టలు పోసి నీళ్లు నిలబెట్టారు. 2013 డిసెంబర్ తుపానుల్లో అక్కడ ప్రవాహం 10 శాతం దాకా తగ్గింది, దిగువన ముంపు భయం ఉన్న ఇళ్లు మునగలేదు. స్కాట్లాండ్‌లోని ఎడిల్‌స్టన్ వాటర్‌ది దాదాపు 70 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం. వంపులు తిప్పడం, చెట్లు, కుంటలు, దుంగలు అన్నీ చేసి, అన్నింటికన్నా ముఖ్యంగా ఏళ్ల తరబడి కొలుస్తూ వస్తున్నారు.

కొలవడం దగ్గర మాకు చేసిన టీమ్ తప్పు చేసింది. నీటిమట్టం కొలిచే గేజీలు పని అయిపోయాక పెట్టారు. ముందు ఎలా ఉండేదో రికార్డు లేకపోతే తర్వాత ఎంత తగ్గిందో ఎలా చెప్తాం? కనీసం ఒక్క వానాకాలం ముందుగా గేజీ పెట్టించండి, దానికోసం పని ఒక సంవత్సరం ఆలస్యమైనా ఫర్వాలేదు. మా దగ్గర మిగిలిన ఆధారం వంతెన స్తంభం మీద మేం పెయింట్‌తో పెట్టుకున్న గీతలు, ఫోన్‌లో తేదీతో ఉన్న ఫోటోలు, అంతే.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి, చాలామందికి తట్టదు. మీ వాగులో రెండు పాయలు కలుస్తుంటే, ఒక పాయ నీళ్లు ముందొచ్చి పోయాక రెండోది రావడం వల్లే ఇన్నాళ్లూ బతికిపోతున్నారేమో. ముందొచ్చే పాయని నెమ్మదింపజేస్తే రెండూ ఒకేసారి వచ్చి కలుస్తాయి, అప్పుడు మంచి చేయబోయి చెడు చేసినట్టవుతుంది. ఏ పాయ ఎప్పుడు పొంగుతుందో తెలియకుండా దుంగలు వేయకూడదు. ఇది మాత్రం మా టీమ్ మ్యాపు పరిచి, కంప్యూటర్ మోడల్ వేసి చూపించింది, ఒక పాయని అసలు ముట్టుకోకుండా వదిలేశారు. దీనికి పూర్తి మార్కులు.

ఇప్పుడు నాకు బాగా బాధ కలిగించిన విషయం. నీళ్లు ఆగేది ఎగువ వాళ్ల పొలంలో, ఇల్లు తడవకుండా ఉండేది దిగువ వాళ్లకి. ఈ మాట మొదటి రోజే మాట్లాడుకోవాల్సింది. టీమ్ వాళ్లు డిజైన్ అంతా గీసేసి, ఏ మూలన కట్ట వస్తుందో గుర్తులు పెట్టేసి, అప్పుడు పొలం ఆయన దగ్గరికి వెళ్లారు. ఆయన మీటింగుకి వచ్చి ఒకటే అన్నారు, "మీ ఇళ్లు తడవకూడదంటే నా పొలం తడవాలా అండి?" అని. మాలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఆయన అడిగింది న్యాయమే. పొలంలో మూడు రోజులు నీళ్లు నిలిస్తే పంట ఏమవుతుంది, ఒండ్రు, చెత్త ఎవరు తీస్తారు, నష్టం ఎవరిస్తారు, ఇవేవీ కాగితం మీద లేవు. ఆయన ఒప్పుకోలేదు, ఆ ఒక్క మూలా వదిలేసి పని చేశారు, అది మొత్తం వాలులోకెల్లా మంచి చోటు.

నెదర్లాండ్స్ వాళ్లు ఇలాంటిదే చాలా పెద్ద ఎత్తున చేశారు. 1993, 1995 వరదలు, రెండోసారి దాదాపు 2 లక్షల 50 వేల మందిని ఖాళీ చేయించాల్సి రావడం, ఇవన్నీ అయ్యాక కరకట్టలు ఇంకా ఎత్తు పెంచుకుంటూ పోవడం మానేసి నదికే చోటివ్వాలని నిర్ణయించుకున్నారు. 30కి పైగా చోట్ల పనులు, 200 కోట్ల యూరోలకి పైగా ఖర్చు. నైమేగన్ దగ్గర కరకట్టని 350 మీటర్లు వెనక్కి జరిపారు, దానికోసం 50 ఇళ్ల దాకా తీసేయాల్సి వచ్చింది. ఓవర్‌డీప్ పోల్డర్‌లో (చుట్టూ కరకట్టలున్న పల్లపు నేలని అక్కడ పోల్డర్ అంటారు) మాత్రం తమ నేలలోకి వరద వదలబోతున్నారని తెలియగానే రైతులే కూర్చుని ఒక ప్లాన్ ఇచ్చారు: ఎత్తైన మట్టిదిబ్బలు పోయండి, మా ఇళ్లూ కొట్టాలూ వాటి మీదికి మార్చుకుంటాం, నది పొంగితే కింది నేలలోకి రానివ్వండి అని. ప్రభుత్వం ఆ ప్లానే తీసుకుంది. అందరూ ఉండలేకపోయారు, చాలా కుటుంబాలు వేరే చోటికి వెళ్లిపోయాయి. ఊరు వదలడం ఎవరికైనా చిన్న విషయం కాదు. కానీ అక్కడ ముందుగా మాట్లాడింది ఆ నేల ఉన్నవాళ్లు, డిజైన్ తర్వాత వచ్చింది. మా దగ్గర తలకిందులుగా జరిగింది.

ఇక మెయింటెనెన్స్, స్టారు పోయిన చోటు. మొదటి వానాకాలం అన్నీ కొత్తవి, బాగానే ఉన్నాయి. రెండో ఏడు ఒక కట్ట పక్కన నీళ్లు ఒడ్డుని కోసేసుకుని దారి చేసుకున్నాయి, దుంగలు అడ్డంగా అలాగే ఉన్నాయి, వాగు మాత్రం పక్కనుంచి పోతోంది. ఇంకోచోట ఒక దుంగ కట్టు ఊడి కొట్టుకొచ్చి కల్వర్టు నోట్లో ఇరుక్కుంది. దాని వెనక ముళ్లకంప, గడ్డి, ప్లాస్టిక్ పేరుకుని, అర్ధరాత్రి వాగు రోడ్డెక్కింది. ఐదారుగురం తాడు కట్టి లాగాం, వానలో, టార్చి నోట్లో పెట్టుకుని. దుంగ బయటికి రాగానే నీళ్లు ఒక్కసారిగా గుటకేసినట్టు కల్వర్టులోకి పోయాయి. ఆ రాత్రి మాకు ఏమైనా అయ్యుంటే? వరద ఆపడానికి వేసినదే వరదకి కారణం కాబోయింది. మట్టికట్టల వెనక కుంటలు కూడా సగం ఒండ్రుతో నిండాయి, నీళ్లు మెల్లగా వదలాల్సిన పైపు ఆకులతో మూసుకుపోయింది. టీమ్‌కి ఫోన్ చేస్తే, పని అప్పగించేశాం కదండీ, మా కాంట్రాక్టులో అది లేదు అన్నారు. నిజంగానే లేదు, మేమూ చూసుకోలేదు. కట్టడానికి డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు, ఒండ్రు తీయడానికి ఎవరూ ఇవ్వరు, అందుకే సంతకం పెట్టకముందే ఈ రెండూ ఒకే కాగితంలో ఉండేలా చూసుకోండి. ఏ దుంగ ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకి మారుస్తారు, ఊడిన దుంగని పట్టుకోవడానికి కల్వర్టు ముందు ఏం పెడతారు, అన్నీ రాయించుకోండి.

చెట్ల విషయం చిన్నగా: ఇప్పుడే ఫలితం ఆశించకండి. మొక్కలకి కంచె వేశారా, చచ్చిపోయినవి మళ్లీ నాటారా, అది చూడండి చాలు. బీవర్ల గురించి, అంటే కొమ్మలతో వాగుకి అడ్డంగా కట్టలు కట్టుకునే జంతువుల గురించి, కూడా అడుగుతున్నారు. డెవన్‌లోని ఆటర్ నదిలో 2015 నుంచి 2020 దాకా ట్రయల్ చేసి, వాటి కట్టల దిగువన వరద ఉధృతి తగ్గడం చూసి, వాటిని అక్కడే ఉండనిచ్చారు. మెయింటెనెన్స్ అవే చేసుకుంటాయి, అది నాకు నచ్చింది. కానీ అవి మొదటి నుంచీ ఉన్న నేలల్లోనే అది కుదురుతుంది.

ఈ పని ఏం చేయలేదో కూడా చెప్పాలి. నేల అప్పటికే వారం రోజులు నాని ఉంటే నీళ్లు ఇంకడం తక్కువ, కుంటలన్నీ ముందే నిండి ఉంటాయి, ఆ మీద కుండపోత పడితే ఈ దుంగలు పెద్దగా ఆదుకోవు. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2017లో అప్పటిదాకా ఉన్న ఆధారాలన్నీ కలిపి ప్రచురించింది. చిన్న పరీవాహక ప్రాంతాల్లో, చిన్న, మధ్యరకం వరదలకి ఆధారం బాగుంది, పెద్ద నదులకి, భారీ వరదలకి అంత గట్టిగా లేదు. కాబట్టి హెచ్చరికల సైరన్, ఇంటి తూముకి వెనక్కి తన్నకుండా వాల్వు, సామాను ఎత్తున పెట్టుకోవడం, ఇవేవీ మానకండి. మేం ఆ వాల్వు కూడా పెట్టించాం.

మూడో వానాకాలంలో రాత్రంతా ఎడతెగని వాన పడిన రోజు ఒకటి వచ్చింది. ఇదివరకు అలాంటి వానకి మేం లేచేసరికే నీళ్లు మెట్లెక్కేవి. ఈసారి తెల్లవారేదాకా వాగు పెరుగుతూనే ఉంది కానీ మెల్లగా. వంతెన స్తంభం మీద పాత గీతకి జానెడు కిందికి వచ్చి చాలాసేపు అక్కడే ఉంది, తగ్గడానికి కూడా మునుపటికన్నా ఎక్కువ టైమ్ తీసుకుంది. ఆ మధ్యలో పెద్దావిడని మేడ మీదికి చేర్చాం, ఫ్రిజ్ ఎత్తు మీద పెట్టాం, కల్వర్టు రెండుసార్లు చూసొచ్చాం. కిందింటి మెట్టు తడిసింది, గది తడవలేదు. రెండు వానలూ అచ్చం ఒకటేనని నేను అనను, గేజీ ఉండుంటే చెప్పగలిగేవాణ్ణి. కానీ ఆ గంటలు మాకు దొరికాయి, అందుకే 4 స్టార్లు.

ఒప్పుకోని పొలం ఆయన దగ్గరికి మొన్న మళ్లీ వెళ్లాం, ఈసారి టీమ్ లేకుండా మేమే. ఏడాదికి రెండుసార్లు ఒండ్రు తీసే బాధ్యత మాదని, పంట పోతే పరిహారం ఎలాగన్నది రాసుకున్నాకే మట్టి ముట్టుకుంటామని చెప్పాం. కాగితం తీసుకుని చదువుతానన్నారు. వచ్చే ఆదివారం ఉన్న కుంటల్లో ఒండ్రు తీయబోతున్నామని తెలిసి, ట్రాక్టరు కావాలంటే పంపిస్తానన్నారు.